రాహుకాలం పాటించిన ఫైర్‌వాల్

పోయిన ఏడు రిటైరయ్యాను. అప్పటి నుంచి మా వీధిలో కంప్యూటర్ చదువులు చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. "సార్, మీ సర్వీసులో పెద్ద హ్యాకింగ్ కేసు ఏదన్నా చెప్పండి" అంటారు. నాయనలారా, ఆత్మకూరులో ఒక పాల సంఘం ఆఫీసు మీద దాడి చేయాలని ఏ దేశపు దొంగకు పుడుతుంది? నా సర్వీసు మొత్తంలో మా సిస్టమ్‌కు జరిగిన పెద్ద చెరుపు నా చేతి మీదుగానే జరిగింది. దానివల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయేంత పనైంది. ఆ సంగతే రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడు నాకూ నవ్వు వస్తోంది. అప్పుడు మాత్రం రాలేదు.

నేను చేరింది టైపిస్టుగా. ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చిన రోజున దాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడ్డారు. నేను భయపడుతూనే ముట్టుకున్నాను. ఆ రోజు నుంచి అందరూ నన్ను ఇంజనీరు అనడం మొదలుపెట్టారు. ఏ కాలేజీ ఇవ్వని ఆ పట్టాను నిలబెట్టుకోవడానికి రాత్రీ పగలూ పుస్తకాలు చదివాను. ఇంజనీరు అని పిలిపించుకున్నవాడికి "నాకు తెలియదు" అనే మాట నోట్లో నుంచి రాదు. ఈ కథ మొత్తానికి మూలం ఆ రోగమే.

మా సంఘం ఆఫీసు ఆత్మకూరులో. సంగం ఊరి వైపు పాలు క్యాన్లలో నేరుగా మా దగ్గరికే వస్తాయి. ఉదయగిరి వైపు పాలు మాత్రం అంత దూరం ఎండన పడి వస్తే విరిగిపోతాయి. అందుకని అక్కడ ఒక శీతల కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల పాలు అక్కడ దించుకుని, చల్లబరిచి, ట్యాంకరులో పంపిస్తారు.

ఒక రోజు మా ప్రెసిడెంటు గారు పేపరు చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చారు. పెద్ద కమతం ఉన్న కుటుంబం వాళ్ళది. ఊళ్ళో పంచాయితీలు, పెళ్ళిళ్ళు, ఎలక్షన్లు ఏవైనా ఆయన ముందు కూర్చోందే జరగవు. మనిషి మంచివాడు, మాట కరుకు.

"ఏమయ్యా ఇంజనీరూ, యాడనో ఆఫీసులో కంప్యూటర్లన్నీ బయటోడు పట్టేసుకున్నాడంట. మన దాంట్లోకి ఎవుడన్నా దూరితే ఏంది గతి?"

నేను ఆ ప్రశ్న కోసమే ఏడాదిగా ఎదురు చూస్తున్నాను. మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తుడిచి, దాంట్లో యూనిక్స్ జాతి సిస్టమ్ ఒకటి ఎక్కించి, బయటి లైనుకూ మా సర్వరుకూ మధ్యన కూర్చోబెట్టాను. బయటి నుంచి వచ్చే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. ఒక్కొక్క ప్యాకెట్టునూ ఆపి, నువ్వెక్కడి నుంచి వచ్చావు, ఏ తలుపు కావాలి అని అడిగి, రూల్స్ ప్రకారం లోపలికి పంపడమో బయటికి నెట్టడమో ఆ డబ్బా పని. ఫైర్‌వాల్ అంటే అదే, కాపలా గోడ. మొదటి రూలు, అందరికీ తలుపు మూసెయ్. తర్వాత ఒక్కొక్క లైనులో, ఫలానా వాళ్ళకు మాత్రం తెరువు. ఇంకొక సంగతి ఉంది. ఒకసారి లోపలికి రానిచ్చి మాట మొదలైన తర్వాత, ఆ మాట పూర్తయ్యేదాకా ప్రతి ప్యాకెట్టునూ మళ్ళీ మళ్ళీ నిలదీయదు. మాట నడుస్తోందని గుర్తు పెట్టుకుంటుంది. కొత్తగా పలకరించేవాళ్ళకే ప్రశ్నలు.

అన్నీ సిద్ధం చేసుకుని ప్రెసిడెంటు గారిని పిలిచాను. ఆయన గోడ గడియారం చూశారు.

"ఈ దినం శుక్రవారం. పదిన్నర దాటింది. పన్నెండు దాకా రాహుకాలం. ఆగు."

ఆగాం. పన్నెండు దాటాక అటెండరు టెంకాయ కొట్టాడు. ఒక చిప్ప డబ్బా మీద పెట్టబోతే నేను చేయి అడ్డం పెట్టాను. నీళ్ళు కారితే రాహువుతో పనిలేదు, అదే పోతుంది.

నేను ఎంటర్ కొట్టాను. గోడ లేచి నిలబడింది. అంతటితో ఆయన వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రాహుకాలం రోజూ వస్తాది గదా. ఆ టైములో కొత్తోడు ఎవుడన్నా తలుపు తడితే?"

"రూల్స్ ఉన్నాయి సార్, చూసే పంపిస్తుంది."

"అది గాదయ్యా. రాహుకాలంలో కొత్తగా ఏదీ మొదలు కాగూడదు. ముందరే మొదలైన పనైతే జరగనీ, దానికి దోషం లేదు. ఆ మాదిరి పెట్టగలవా?"

కొత్తవాళ్ళను ఆపు, మాట నడుస్తున్నవాళ్ళను పోనీ. నేను ఆరు నెలలు పుస్తకాలు తిప్పి నేర్చుకున్న సంగతి ఈయన పంచాంగం చూసి చెబుతున్నాడు. నేను తటపటాయిస్తుంటే ఆయన లేచారు.

"చాతగాకపోతే చెప్పు, వొదిలేద్దాం."

ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే ఈ కథ లేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా పోకుండా కూర్చున్నాను. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, ఇలా ఏడు రోజులకూ ఏడు వేళలు రాసి పెట్టాను. ఆ వేళకు యంత్రం తనంతట తానే రూల్స్ మార్చుకుని, బయటి నుంచి వచ్చే కొత్త పలకరింపులన్నీ ఆపేస్తుంది. గంటన్నర అయ్యాక మళ్ళీ పాత రూల్స్ ఎక్కించుకుంటుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మంగళవారం మూడున్నరకు ప్రెసిడెంటు గారు తమ తోట నుంచి ఫోన్ చేశారు. "ఫోన్లో మన ఆఫీసు పేజీ తెరిస్తే రావడంలేదయ్యా" అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం నేను ఆయన మనవడు పుట్టినప్పుడు కూడా వినలేదు. మరునాడు పన్నెండున్నరకు ఇంకొకసారి పరీక్ష చేసుకుని, తృప్తి పడి, ఆ సంగతి మర్చిపోయారు. నెల తిరిగేలోగా నేనూ మర్చిపోయాను.

మర్చిపోవడానికి ఒక కారణం ఉంది, పిల్లలూ, ఇది రాసుకోండి. ప్రతి రూలు పక్కనా అది ఎందుకు పెట్టానో ఒక లైను రాసుకునే అలవాటు నాది. పశువుల డాక్టరు ఫోనుకు ఎందుకు తెరిచాను, బ్యాంకుకు ఎందుకు తెరిచాను, అన్నిటికీ రాసి ఉంటుంది. ఈ ఒక్కదాని పక్కన ఏమీ రాయలేదు. ఏమని రాయను? రేపు ఇంకొక ఇంజనీరు వచ్చి చూస్తే నవ్వడా? ఆ వేళల జాబితాను కూడా ఎవరూ తెరిచి చూడని మూలన దాచాను. సిగ్గుపడి చేసిన పనిని దాచుకుంటాం, దాచుకున్నది మనకే కనిపించకుండా పోతుంది.

ఆరు నెలల తర్వాత ఉదయగిరి కేంద్రానికి కంప్యూటర్ ఇచ్చారు. దాని మీద పని చేయడానికి కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని తీసుకున్నారు. కొండాపురం పక్క పల్లె. డిగ్రీ చదివింది. వాళ్ళ నాయన నడుం పడిపోయి మంచాన ఉన్నాడు, తమ్ముడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. ఇంటికి జీతం తెచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే. ఉదయగిరిలోనే ఒక గది తీసుకుని ఉండేది. పొద్దున, సాయంత్రం పాలు దించేటప్పుడు ఎవరివి ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అని ఒక పేజీలో కొట్టి సేవ్ నొక్కితే అది నేరుగా ఆత్మకూరు సర్వరులో పడాలి. సేవ్ నొక్కిన ప్రతిసారీ నా గోడకు అది ఒక కొత్త పలకరింపు.

చేరిన వారానికే ఫోన్ చేసింది.

"సార్, నిన్న సాయంత్రం పేజీ రాలేదు సార్. ఈ పొద్దున కూడా అంతే. తొమ్మిదికి వచ్చినాది."

నేను ఆఫీసుకు పదింటికి వస్తాను. వచ్చి చూశాను. అంతా బ్రహ్మాండంగా ఉంది.

"మీ దగ్గర లైన్ బాగాలేదేమోనమ్మా. ఆపి మళ్ళీ వెయ్యి" అన్నాను.

మరుసటి సోమవారం మళ్ళీ ఫోన్. "ఆపి మళ్ళీ వెయ్యి" అన్నాను. ఆ పై సోమవారం కూడా అంతే. ఆడలేక మద్దెల ఓడంటోంది అనుకున్నాను. ఆ సామెత ఎవరికి వర్తిస్తుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

మా మేనేజరు గారి కన్ను దీని మీద పడింది. ఆయనకు అనుమానం అనేది టిఫిన్ లాంటిది, పొద్దున్నే పడాలి. ఏ ఎంట్రీ ఎప్పుడు పడిందో సర్వరులో టైముతో సహా ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఎంట్రీలన్నీ ఆరు దాటాక ఒక్క గుంపుగా పడుతున్నాయి. సోమవారం పొద్దున తొమ్మిది దాటాక ఒక్క గుంపుగా పడుతున్నాయి. మిగిలిన రోజుల్లో పాలు దించే వేళకే పడుతున్నాయి.

"ఇంకేం కావాల సార్" అన్నాడాయన నా బల్ల మీద చేత్తో కొట్టి. "ఆదివారం ఇంటికి పోతా ఉండాది. అక్కడోళ్ళు నంబర్లు ఫోన్లో చెప్తే ఇంట్లో కూసోని ఎక్కిస్తా ఉండాది. సోమవారం తొమ్మిది బస్సుకి దిగి పొద్దున్నవి కొడతా ఉండాది. పట్టేసినా."

కేంద్రంలో క్యాన్లు కడిగేవాళ్ళు, పాలు కొలిచేవాళ్ళు ఆమె ప్రతి రోజూ డ్యూటీలోనే ఉందని చెప్పారు. "వాళ్ళూ వాళ్ళూ ఒకటి" అని కొట్టిపారేశాడు. కాంట్రాక్టు పొడిగించే మీటింగు సోమవారం సాయంత్రం ఉంది. ఆలోగా నా దగ్గర ఒక లెటర్ కావాలన్నాడు. ఫైర్‌వాల్‌లో గాని సర్వరులో గాని ఏ లోపమూ లేదని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఇంగ్లీషులో రెండు పేరాలు. రాశాక రెండుసార్లు చదువుకున్నాను కూడా, భాష బాగా కుదిరిందని.

ఆ రోజే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీ వైపు తప్పేం లేదని రాసిచ్చినారంట."

"చూసే రాశానమ్మా."

"ఎన్నింటికి చూసినారు సార్?"

"పదింటికి."

"పదికి వస్తాది సార్. ఎనిమిదికి చూడండి."

నాకు కోపం వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు టైము చెబుతుందా అని ఫోన్ పెట్టేశాను. కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుసు. ఆమె అడిగింది సరైన ప్రశ్న, నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న అడగలేదు.

మీటింగు రోజు పొద్దున్నే, ఇంకా తెల్లవారకముందే, మేనేజరు జీపు వేసుకుని మా ఇంటి ముందు హారన్ కొట్టాడు. చెప్పాపెట్టకుండా పోయి ఆమె లేకుండా పట్టుకోవాలని ఆయన ప్లాను. సాంకేతిక సాక్షిగా నేను. దారి పొడవునా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు.

ఉదయగిరిలో దిగేసరికి ఏడుంబావు. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పక్కన పాలు కొలుస్తున్నారు. ఈల ఆగిపోయింది.

"ఏందమ్మా, ఈ దినం ఉండావే?" అన్నాడు మేనేజరు.

"రోజూ ఉంటా ఉండా సార్" అంది, తల తిప్పకుండా, నంబర్లు కొడుతూ.

ఏడుంబావు నుంచి ఏడున్నర దాకా పది ఎంట్రీలు చకచకా పడ్డాయి. మేనేజరు నా వంక చూశాడు, చూశారా అన్నట్టు. పదకొండో ఎంట్రీకి సేవ్ నొక్కింది. తెర మీద ఆ చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

"లే అమ్మా, నేను చూస్తాను" అని కుర్చీలో కూర్చున్నాను. ఆపి మళ్ళీ వేశాను. వైరు పీకి మళ్ళీ పెట్టాను. వైరు మార్చాను. నా సెల్‌ఫోన్ నెట్టు కలిపాను. రాలేదు. నా సొంత ల్యాప్‌టాప్ తీసి, నేను మాత్రమే వాడే దొంగదారిలో నా గోడ దగ్గరికి వెళ్ళబోయాను. నా గోడ నన్నే రానివ్వలేదు. ఎవరు నువ్వు అనలేదు, ఎందుకొచ్చావనలేదు, ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసులో అటెండరుకు ఫోన్ చేసి, డబ్బాలో లైట్లు వెలుగుతున్నాయా అని అడిగాను.

"పెళ్ళి పందిట్లో మాదిరి వెలుగుతా ఉండాయి సార్" అన్నాడు.

పోసిన పాలకు స్లిప్పు కోసం నిలబడ్డ ఒక అవ్వ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది నాయనా, మిషన్ లేవలేదా?"

"లేస్తుందవ్వా."

"సోమవారం లేవదు నాయనా అది. తొమ్మిదికి లేస్తాది. నువ్వు కొత్తా?"

మేనేజరుకు ఇది విసుగు పుట్టించింది. ఉదయగిరి దాకా వచ్చాం గనుక ఇంటికి ఆ ఊరికి పేరైన కొయ్య గరిటెలు తీసుకొస్తానని బజారులోకి వెళ్ళాడు. నేను ఆ కుర్చీలో గంటకు పైగా కూర్చుని, తెలిసిన ప్రతి విద్యా ప్రయోగించాను. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి కాగితం మీద లీటర్లు రాసుకుంటూ ఉంది. తొమ్మిదికి కాస్త ముందు మేనేజరు చంకలో గరిటెల కట్టతో వచ్చాడు. తొమ్మిది కొట్టేదాకా ఆ అమ్మాయి గడియారం చూసింది.

"ఇప్పుడు కొట్టండి సార్."

కొట్టాను. పడింది.

అప్పుడు ఆమె సొరుగులో నుంచి ఒక నోటుబుక్కు తీసి మా ముందు పెట్టింది. పాలు లేని వేళల్లో కూడా కూర్చుని, ఏ రోజు ఏ టైముకు పేజీ ఆగుతోందో, ఏ టైముకు తెరుచుకుంటోందో మూడు వారాల పాటు రాసింది. తర్వాత గోడకు తగిలించిన క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి కింద పట్టీ మీద వేలు పెట్టింది.

"రెండూ ఒకటే సార్. మన కంప్యూటర్ రాహుకాలం పాటిస్తా ఉండాది."

మేనేజరు నవ్విన నవ్వుకు చంకలోని గరిటెలు గలగలమన్నాయి. పాలు పోసేవాళ్ళు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వనివాళ్ళం ఇద్దరమే. ఆ అమ్మాయి, నేను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆ శుక్రవారం, ఆ టెంకాయ చిప్ప, చాతగాకపోతే చెప్పు అన్న మాట, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. ఎవరో టీ తెచ్చారు. తాగాను. సిగ్గులేకుండా, చక్కెర ఎక్కువైందని కూడా అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మేనేజరు జీపులోనే రిపోర్టు మొదలుపెట్టాడు. "ఆమె డ్యూటీలో ఉండాదనే అనుకుందాం. కానీ ఎంట్రీలు ఆలస్యం చేసి, గ్రహాల మీదకు నెడతా ఉండాది. ఇట్టాంటి మనిషిని ఉంచితే ఉదయగిరి అంతా మనల్ని చూసి నవ్వరా సార్? ఇదొక్కటి చాలు, తీసెయ్యడానికి." ఆమె చెప్పిన నిజమే ఆమె మెడకు చుట్టుకుంటోంది, నేను పక్కన కూర్చుని గరిటెల కట్ట పడిపోకుండా పట్టుకుని ఉన్నాను.

నా రిటైర్‌మెంటుకు రెండు నెలలే ఉంది. ఆఫీసుకు పోయి చప్పుడు చేయకుండా ఆ జాబితా తుడిచేస్తే సరి. లైను బాగైంది అంటే అందరూ నమ్ముతారు. ఇంజనీరు ఇంజనీరుగానే ఇంటికి పోతాడు. ఇదంతా నేను అనుకోలేదని అబద్ధం ఆడను, అనుకున్నాను. సగం దూరం అదే అనుకుంటూ వచ్చాను. కానీ ఆ సాయంత్రమే మీటింగు, వచ్చే ఆదివారానికి ఆ కుర్చీలో ఆ అమ్మాయి ఉండదు. మంచాన ఉన్న వాళ్ళ నాయనకు ఆమె ఏం చెబుతుంది, రాహువు తీసేశాడనా? ఎన్నింటికి చూసినారు సార్ అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. ఇక ఉండబట్టలేదు.

"జీపు ఆపు" అన్నాను డ్రైవరుతో.

మేనేజరు నేను ఎందుకో దిగుతాననుకుని తలుపు తీశాడు. దిగలేదు. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సగంలో ఆయన "మీరూ మొదలుపెట్టినారా" అన్నాడు. పూర్తయ్యాక తీసిన తలుపు మళ్ళీ వేశాడు.

"మరి మీరు ఇచ్చిన లెటర్?"

"చింపేయండి."

"ఇంగ్లీషు బాగుండాదే సార్ అది" అన్నాడు దిగులుగా.

మూడింటికి ప్రెసిడెంటు గారి ముందు నిలబడి మళ్ళీ మొత్తం చెప్పాను. తిట్లకు సిద్ధపడే వెళ్ళాను. ఆయన విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"అంటే ఇన్ని నెలల నుంచీ పని చేస్తా ఉండాదా అది?"

"చేస్తోంది సార్."

"నాల్రోజులు చేసి మానుకుంటావనుకున్నానయ్యా నేను. భలేవోడివే." ఆయన మేనేజరు వైపు తిరిగారు. "ఆ పాపను తీసెయ్యడం లేదు, ఏం లేదు. కాంట్రాక్టు రాయి. ఇంజనీరూ, నువ్వు మాత్రం ఆ రూలు తియ్యబాకు. రాహుకాలం పోయినాకే ఎక్కించమను, దానికేముంది?"

అలాగైతే ప్రతి సోమవారం గంటన్నర పాలవాళ్ళు స్లిప్పు కోసం నిలబడాలి, కాగితం మీద రాసింది మళ్ళీ కొట్టాలి. ఒక అంకె తప్పినా నింద ఆ అమ్మాయి మీదే. వచ్చే ఏడు ఇదే మీటింగు, ఇదే రిపోర్టు. ఆ అమ్మాయినే అడగండి సార్ అని ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాను. ప్రెసిడెంటు గారు చెప్పింది ఆమె విన్నది.

"సార్, మీ ఇంట్లో గేదెల్ని పొద్దున ఎన్నింటికి పిండతారు?"

"అయిదున్నరకి. ఏం?"

"సాయంత్రం?"

"నాలుగింటికి."

"సోమవారం ఏడున్నరకి గదా సార్ రాహుకాలం. ఆదివారం నాలుగున్నరకి గదా. చెంబు పట్టుకుని గేదె కింద కూసున్నప్పుడే పని మొదలైపోయింది. నేను కొట్టేది కొత్త పని గాదు సార్, దాని తరవాయే. మొదలైన పని రాహుకాలంలో నిలపగూడదంట గదా."

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. గేదెలను నమ్మి బతికిన మనిషి. ఆయనకు ప్యాకెట్టు గురించి నేను ఎన్ని చెప్పినా ఎక్కదు, ఇది ఎక్కింది.

"ఆ పాప చెప్పిందే శాస్త్రం" అన్నారు. "ఉదయగిరి పాలకి ఎప్పుడైనా దోవ ఇయ్యి. మిగతా వాళ్ళకి మాత్రం రాహుకాలం ఉండాల్సిందే."

ఆ సాయంత్రమే జాబితాలో అన్నిటికంటే పైన ఒక లైను రాశాను. ఉదయగిరి నుంచి వచ్చేదాన్ని ఏ వేళకైనా పోనీ, కింది రూల్స్ చూడవద్దు. ఈసారి పక్కన కారణం కూడా రాశాను: గేదె పాలు ఇచ్చినప్పుడే పని మొదలైంది. ఎవడు చూసి నవ్వుకున్నా సరే.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"తప్పు నాదమ్మా. ఆ రూలు పెట్టింది నేనే."

"తెలుసు సార్."

"ఎప్పటి నుంచి?"

"నిన్న మీరు టీ తాగతా ఉంటే మీ మొహం చూసినా."

"మరి అక్కడే అడగలేదేం?"

"మీరే చెప్తారో లేదో చూద్దామని సార్."

ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అంత మెత్తగా, అంత గట్టిగా కొట్టలేదు. మేనేజరు కూడా తన పద్ధతిలో సమాధానపడ్డాడు. నోటితో పొరపాటైందని చెప్పలేక, తాను కొన్న గరిటెల్లో ఒకటి ఆమెకు పంపించాడు. ఉదయగిరి గరిటె ఆత్మకూరు దాకా వచ్చి మళ్ళీ ఉదయగిరికే పోయింది.

మిగిలిన రెండు నెలలూ ఆ అమ్మాయిని వారానికి రెండు రోజులు ఆత్మకూరుకు రప్పించి నాకు తెలిసినదంతా నేర్పాను. రూల్స్ ఏ వరుసలో రాయాలి, కారణం ఎందుకు రాయాలి. ఎవరైనా రావడం లేదంటే వాళ్ళు చెప్పిన వేళకే చూడాలని కూడా చెప్పబోయాను. "అది నాకు తెలుసు సార్" అంది. మొదటి రోజు నేర్పిన పాఠం మాత్రం ఒకటి బాగా గుర్తుంది. మనిషి ఉద్యోగం వదిలి పోతే, ఎంత కావలసినవాడైనా సరే, అతని దారి ఆ రోజే మూసెయ్యాలి. మొహమాటం పడకూడదు.

నా ఆఖరి రోజున దండలు, స్వీట్లు అయ్యాక డబ్బా పాస్‌వర్డునూ బాధ్యతనూ ఆమెకు అప్పజెప్పాను. "సార్, కొంచెం అటు తిరగండి" అని, కొత్తది పెట్టుకుంది.

రెండు వారాలు ఇంట్లో కూర్చున్నాక నాకు ఏమీ తోచలేదు. ఊరికే, నా గోడ ఎలా ఉందో ఒకసారి చూసి వద్దామనిపించింది. ల్యాప్‌టాప్ తీసి నా దొంగదారిలో బయలుదేరాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఫోన్ చేశాను.

"అమ్మా, నాకు రావడం లేదు."

"అట్నా సార్?" అంది, ఎంతో మర్యాదగా. "మీ దగ్గర లైన్ బాగాలేదేమో. ఆపి మళ్ళీ వెయ్యండి."

ఫోన్ పెట్టేసి గోడ మీది క్యాలెండర్ చూశాను. బుధవారం. టైము పది. రాహుకాలం పన్నెండింటికి గాని రాదు.